చికాగో నగరమున బాస్కెట్‌బాల్

క్రీడ జీవనోపాధిగ మాఱిన చోట బాలుని భవిష్యత్తు వాని మోకాలి బలముపై నాధారపడును. అమెరికాలోని చికాగో నగరచరిత్ర యీ విషయమును చక్కగ బోధించుచున్నది.

ఎత్తున గట్టిన వలబుట్టలో బంతిని వేయు బాస్కెట్‌బాల్ ఆటను 1891 సంవత్సరమున మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్సు నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. ఒక బంతియు, ఒక బుట్టయు, కొంచెము చదునునేలయు నున్న చాలును. కావుననే యిది నగరములందలి బీదపేటలలో వేళ్లూనినది. చికాగో జట్టగు బుల్సు, మైకేల్ జోర్డాన్ ఆడిన కాలమున, 1991 మొదలు 1998 వఱకు ఆఱు పర్యాయములు విజేతయైనది. అట్టి వైభవమును కన్నులార చూచిన పిల్లలు తామును జోర్డానులు కాగోరుటలో నాశ్చర్యము లేదు.

అయినను లెక్క చూడుడు. అమెరికా ఉన్నత పాఠశాలలలో ఈ యాట నాడు బాలురు 5 లక్షలకు పైబడి యున్నారు. వృత్తి క్రీడాసంఘమైన ఎన్.బి.ఏ. ఏటేట నెన్నుకొను క్రొత్తవారు సుమారు 60 మంది. వారిలోను కొందఱు విదేశీయులు. ఇన్ని గింజలు చల్లిన నిన్నియే మొలకలు వచ్చునని యెఱిగిన రైతు ఆ విత్తనమును నమ్మి పొలమంతయు దున్నునా?

గెలిచినవానికిని నిశ్చింత లేదు. నగర దక్షిణభాగమందలి యింగిల్‌వుడ్ పేటలో పెరిగిన డెరిక్ రోజ్ 2008లో బుల్సు జట్టున జేరి, 2011లో 22 ఏండ్లకే ఆ సంఘమున ఉత్తమ క్రీడాకారుడాయెను. మఱుసటియేడే మోకాలు దెబ్బతినెను. 2024లో ఆట విరమించువఱకు ఆ పూర్వవైభవము వానికి మరల దక్కలేదు.

ఓడినవారి కథ 1994లో వెలువడిన 'హూప్ డ్రీమ్స్' అను యథార్థ చలనచిత్రమున గలదు. విలియం గేట్సు, ఆర్థర్ ఏజీ అను నిరువురు నల్లజాతి బాలురను వారి యాటను చూచి నగర శివారునందలి సెయింట్ జోసఫ్ పాఠశాల చేర్చుకొనెను. గేట్సు రుసుమును ఒక దాత భరించెను. ఏజీ తల్లిదండ్రులు చెల్లింపలేకపోగా వాడు నడుమనే బడి విడిచి ప్రభుత్వ పాఠశాలయగు మార్షల్‌లో జేరవలసి వచ్చెను. ఆ బడి జట్టే వానితో 1991లో రాష్ట్రపు పోటీలలో తృతీయస్థానము నందెను! గేట్సునకు మోకాలి గాయము అడ్డువచ్చెను. ఇరువురును కళాశాలలో చదివిరి. ఇరువురిలో నెవ్వరును ఎన్.బి.ఏ. చేరలేదు. కాని గేట్సు పట్టభద్రుడై తరువాత క్రైస్తవమత బోధకుడాయెను. ఆట యొసగని జీవనమునకు చదువు దారిచూపెను.

ఆటను సంఘహితమునకు వినియోగించు మార్గమును గూడ ఈ నగరమే చూపినది. 1989లో అచ్చటి ప్రభుత్వ గృహవసతి సంస్థ తన వాడలలోని యువకులకై అర్ధరాత్రి బాస్కెట్‌బాల్ పోటీలు నెలకొల్పెను. వీధులలో ప్రమాదము హెచ్చుగ నుండు వేళ యువకులు దీపముల వెలుగున ఆటస్థలమున నుండెడివారు. ఉద్యోగము, విద్య మొదలగు విషయములపై జరుగు బోధనకు రానివారికి ఆటలో స్థానము లేకుండెను. 1994లో ఇట్టి పోటీలకు ధనమిచ్చుట వ్యర్థమని అమెరికా శాసనసభలో కొందఱు పరిహసించిరి. ఒక విజేతకు కోట్లు వెచ్చించుట నెవ్వరును వ్యర్థమనలేదు. వేలకొలది యువకులకు ఒక దీపము, ఒక గురువు నిచ్చుట వ్యర్థమైనదా యని మేము ప్రశ్నించుచున్నాము.

మేము కోరునది ఒక్కటియే. ఆటకై బాలుని చేర్చుకొను పాఠశాల, వాని కాలు విఱిగినను, తండ్రికి పని పోయినను, చదువు ముగియువఱకు వానిని విడువరాదు. ఈ నియమము లేనిచో అది విద్యాదానము కాదు. బాలుని బలముతో చేయు వర్తకమే యగును.