తెల్లవారుజామున కంప్యూటర్ రాసే ఉత్తరం

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల మీద కాపలా ఉండేవారికి తెల్లవారుజాము నాలుగు గంటలంటే గుబులు. పగలంతా నీటిలోని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. పొద్దు పొడిచే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీను. బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరిచాయంటే వెంటనే ఏరియేటర్లు తిప్పాలి. ఆ వేళకి కాపలా మనిషి కునుకు తీశాడో, తెల్లారాక చూసేది చచ్చి తేలిన చేపల్నే.

కంప్యూటర్లు తమ గోడు చెప్పుకునే వేళ కూడా సుమారుగా ఇదే. పాత ఫైళ్లు తుడవడం, లెక్కలకు నకలు తీసిపెట్టడం, జరిగిందంతా రాసుకునే లాగ్‌లు సర్దడం లాంటి పనులు జనం పడుకున్నాక జరగాలి. యూనిక్స్, లినక్స్ యంత్రాల్లో వీటిని వేళకు నడిపేది ‘క్రాన్’. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఇది ఉంది. దీనికిచ్చే ఆజ్ఞ ముందు ఐదు గళ్లుంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. డెబియన్, ఉబుంటు యంత్రాల్లో కనిపించే ‘25 6 * * *’ అంటే రోజూ ఉదయం 6 గంటల 25 నిమిషాలకు అని. నక్షత్రం గుర్తున్న గడికి ‘ఏదైనా సరే’ అని అర్థం.

తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లి హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. అర్ధరాత్రి దాటాక దాని ఖాతాల నకలు తీయాల్సిన స్క్రిప్టు ఇలా రాసింది: ‘బ్యాకప్: లైన్ 12: పీజీ డంప్: కమాండ్ నాట్ ఫౌండ్’. చూడగానే కంగారు పుడుతుంది గానీ, కోలన్ల దగ్గర విడగొడితే ఇది పద్ధతిగా రాసిన ఫిర్యాదే. చెబుతున్నది ఎవరు, ఏ వరుసలో ఆగింది, ఏ పని (ఇక్కడ నకలు తీసే ‘పీజీ డంప్’) చేయబోయింది, ఎందుకు కుదరలేదు (ఆ ఆజ్ఞ దొరకలేదు). నాలుగు ముక్కలూ ఉన్నాయి.

మరి పగలు చేత్తో నడిపితే అదే స్క్రిప్టు చక్కగా పనిచేస్తుందేం? మనం లాగిన్ అయినప్పుడు ప్రోగ్రామ్‌లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే ‘పాత్’ జాబితా పొడుగ్గా ఉంటుంది. క్రాన్‌కు మామూలుగా దొరికేది ఒకటి రెండు ఫోల్డర్లే. ఊరికి కొత్తగా వచ్చిన కొరియర్ కుర్రాడికి ‘మన సుబ్బారావు ఇల్లు’ అంటే సరిపోదు, డోర్ నంబరుతో సహా రాయాలి. స్క్రిప్టులో ప్రోగ్రామ్ పూర్తి చిరునామా రాస్తే ఈ తప్పు పోతుంది.

మాటలతో పాటు ప్రతి ప్రోగ్రామూ ఒక అంకె వదిలి వెళుతుంది. 0 అయితే పని సజావుగా ముగిసినట్టు. 127 అంటే ఆజ్ఞ దొరకలేదు. 126 అంటే దొరికింది గానీ నడపలేకపోయింది, సాధారణంగా అనుమతి లేక. 137 కనిపిస్తే ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపేశారన్నమాట. మెమరీ చాలనప్పుడు లినక్స్ తానే ఆ పని చేస్తుంది.

‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ (డిస్కులో చోటు లేదు) సంగతి కొల్లేటి జనానికి విడమర్చి చెప్పనక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేరులోకి నీరు తెచ్చి పోస్తాయి. నీరు సముద్రానికి చేరాలంటే ఉప్పుటేరే దారి. అందులో పూడిక, గుర్రపుడెక్క పేరుకుంటే నీరు ఊళ్ల మీదికి ఎగదన్నుతుంది. డిస్కులోకి లాగ్‌లు అలాగే చేరతాయి. పాతవాటిని సాగనంపే ‘లాగ్‌రొటేట్’ ఆగిందంటే నాలుగు రోజుల్లో డిస్కు నిండిపోవచ్చు. ఒక్కోసారి ఖాళీ చోటు కనిపిస్తున్నా ఇదే సందేశం వస్తుంది. ప్రతి ఫైలుకూ ‘ఐనోడ్’ అనే నమోదు కావాలి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు చేరి ఆ నమోదులు అయిపోతే, చోటున్నా కొత్త ఫైలు పుట్టదు.

తప్పులు గుంపుగా వస్తే పైనుంచి చదవడం మేలు. డిస్కు నిండితే నకలు ఫైలు తయారు కాదు, దాన్ని కుదించడమూ కుదరదు, పంపడమూ కుదరదు. సందేశాలు నాలుగైనా జబ్బు ఒకటే, అది మొదటి వరుసలో ఉంటుంది. పైథాన్‌లో రాసిన స్క్రిప్టుకు మాత్రం వరస తిరగబడుతుంది, అసలు కారణం సాధారణంగా చివరి వరుసలో దొరుకుతుంది.

ఇంతకీ ఈ ఉత్తరాలు చదివేదెవరు? క్రాన్ తన సందేశాలను మెయిల్‌గా పంపుతుంది. ఎవరికని చెప్పకపోతే అవి ఆ యంత్రంలోనే ఎవరూ తెరవని పెట్టెలో పోగుపడతాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్లోనే ఫైళ్లు తుడిచేశాడు. సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. నకళ్ల కోసం వెతికితే ఆ చోటు ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, నకలు తీసే పనిముట్టు 9.2. పొసగక ఆ పని ప్రతిసారీ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెబుతూ క్రాన్ మెయిళ్లు రాస్తూనే ఉంది. పంపినవారెవరో రుజువు చేసే ‘డీమార్క్’ ఏర్పాటు వాటికి లేకపోవడంతో, అందుకునే మెయిల్ సర్వర్ గుమ్మంలోనే తిప్పికొట్టింది. అంతకు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన నకలు దొరకబట్టి సంస్థ గట్టెక్కింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

అందుకే చాలామంది నిర్వాహకులు ఇప్పుడు పద్ధతి తిరగేశారు. పని చెడితే చెప్పమనడం కాదు, పని అయిందని రోజూ చెప్పమంటారు. నకలు పూర్తికాగానే స్క్రిప్టు మరో యంత్రానికి కబురు పంపుతుంది. అనుకున్న వేళకు ఆ కబురు రాకపోతే గంట మోగుతుంది. కాపలా మనిషి రోజూ అయిదింటికి ‘చెరువు బాగానే ఉంది’ అని ఫోన్ చేయాలని చెప్పిన ఆసామి అయిదుంపావుదాకా చూసి, ఫోన్ మోగకపోతే మోటార్ సైకిల్ తీస్తాడు.