కనబడని వెల్డింగును నేర్చుకునేదెలా?

(మా గ్రామీణ విలేఖరి)

చెరకు లోడుతో వస్తున్న ట్రాక్టరు ట్రాలీ హుక్కు దగ్గర ఊడిపోయింది. వెనక మోపెడ్ మీద వస్తున్న రైతు పక్క పొలంలోకి దూకి ప్రాణాలు దక్కించుకున్నాడు. ఆ హుక్కుకు వెల్డింగు చేయించి వారమే అయింది. పైకి అతుకు చక్కగానే ఉంది. తీరా చూస్తే ఇనుము ఇనుముతో కలవలేదు. రాడ్డు కరిగి పైపైన పేరుకుంది, అంతే. చేసిన కుర్రవాడి వద్ద ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు ఉంది.

తప్పంతా కుర్రవాడిదేనా? శిక్షణ షెడ్డులో కాసేపు నిలబడితే సంగతి బోధపడుతుంది. మాస్టారు నల్లద్దం షీల్డు పెట్టుకుని రాడ్డు అంటిస్తారు. చుట్టూ ఇరవై మంది ఉంటే షీల్డులు ఐదారుగురికే. మిగతావారు మొహాలు తిప్పుకోవలసిందే. లేకుంటే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీరు కారడం ఖాయం. అంటే అసలు చూడవలసిన కరిగిన ఇనుపమడుగు, అది కదిలే తీరు వారికి కనబడనే కనబడవు. చూసేది వెలుగు, పొగ, స్లాగు కొట్టాక మిగిలిన అతుకు. వండిన గిన్నె చూపించి వంట నేర్పడం లాంటిదే ఇది.

చేతిపనుల శిక్షణ పథకం దేశంలో 1950లో మొదలైంది. మాస్టారు ఒకసారి చేసి చూపడం, విద్యార్థులు అదే 'జాబు' తిరిగి చేయడం ఇప్పటికీ సాగుతున్న పద్ధతి. థియరీ పరీక్ష మాత్రం కంప్యూటరు మీదకు వచ్చింది. ఆర్కు పొడవు ఎంత ఉండాలంటే, రాడ్డు లోపలి తీగ మందమంత అని కుర్రాళ్లు ఠక్కున గుర్తు పెడతారు. కానీ రాడ్డు క్షణక్షణం తరుగుతుంది. దానితోపాటు చేయి దిగాలి. ఊళ్లో పాత మేస్త్రీ అటు తిరిగి బీడీ కాలుస్తూనే "దగ్గరికి తియ్యరా" అని అరుస్తాడు. ఆయన చూడలేదు, విన్నాడు. ఆర్కు సరిగా ఉంటే నూనెలో పకోడీ వేగినట్టు చిటపటలాడుతుంది. దూరమైతే చప్పుడు మారి నిప్పురవ్వలు చిమ్ముతాయి. ఈ చెవి ఏ పరీక్షలోనూ లేదు.

ఇప్పుడు సిమ్యులేటర్లు వచ్చాయి. హెల్మెట్టు లోపలి తెరమీద ఉత్తుత్తి వెల్డింగు చేస్తే, చేతి కోణం, వేగం తప్పితే అదే చెబుతుంది. రాడ్డు ఖర్చు లేదు, కళ్లకు ముప్పు లేదు. మొదటి పది రోజులకు బాగానే ఉంటుంది. అయితే సెగ, తుప్పు పట్టిన రేకు, పల్లె కరెంటు లోవోల్టేజి అందులో ఎక్కడివి? తెలంగాణలో 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మార్చే పని 2024లో ప్రారంభించారు. హర్షణీయమే. కాగా చిన్న షెడ్డులు అంతవరకూ చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు.

ఒక మాస్టారు సెల్‌ఫోను స్టాండుకు బిగించి, కెమెరాకు అడ్డంగా షీల్డు అద్దం పెట్టి తన వెల్డింగును తానే చిత్రీకరించారు. వేగం తగ్గించి గోడమీద చూపితే, ఆరు నెలలుగా నేర్చుకుంటున్న పిల్లలు మడుగును మొదటిసారి చూశారు. ఖర్చు ఒక అద్దం ముక్క. అలాగే ఆయన ప్రతి అతుకునూ వైసులో బిగించి సుత్తితో విరగ్గొట్టిస్తారు. లోపల కలిసిందీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. మార్కుల కోసం అందంగా లాగిన అతుకులే ముందు విరుగుతున్నాయట! అయితే దీనికి రాడ్లు ఎక్కువ కావాలి. నెల సగంలోనే ప్యాకెట్లు అయిపోతున్నాయని విద్యార్థులు వాపోతున్నారు.

ట్రాలీ హుక్కు వెల్డు చేసిన కుర్రవాడు ఇప్పుడు పాత మేస్త్రీ దగ్గర చేరాడు. సాయంత్రం షాపు కట్టే ముందు తుక్కు ముక్కలు అతికి, వైసులో పెట్టి విరగ్గొడుతున్నాడు.