పుర్రె కొలత నుంచి జన్యు పరీక్ష దాకా

చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకా మహారాష్ట్ర సరిహద్దులో ఉంది. వార్ధా నది దాటితే మన తెలంగాణలోని సిర్పూర్ వైపు, వైన్‌గంగ దాటితే గడ్చిరోలి జిల్లా. మరాఠీ, తెలుగు, గోండి మూడూ చెవిన పడే నేల ఇది. భాషావేత్తలు తెలుగునూ గోండినీ ద్రావిడంలో ఒకే శాఖ కింద చేరుస్తారు. భాషలు చుట్టాలైతే మాట్లాడేవాళ్లూ రక్తసంబంధీకులేనా? ఇలాంటి ప్రశ్నలు తేల్చడం జీవ మానవశాస్త్రం పని.

మొదట్లో ఆ పనికి వాడిన సాధనం కొలబద్ద. 1901 జనాభా లెక్కలు నడిపిన బ్రిటిష్ అధికారి రిస్లీ తలలూ ముక్కులూ కొలిపించి జనాన్ని జాతులుగా విభజించాడు. ఒక్క ముక్కు వెడల్పును బట్టి ఎవరికెవరు దగ్గరో చెప్పడం కుదరదు. పైగా తిండీ వాతావరణమూ శరీరాన్ని మారుస్తాయి. 1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అనాండేల్ అనే జంతుశాస్త్రవేత్త, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు విశ్లేషించమని గణాంకవేత్త మహలనోబిస్‌ను అడిగాడు. చాలా కొలతలను కలిపి రెండు సమూహాల మధ్య దూరం లెక్కగట్టే డీ-స్క్వేర్ పద్ధతికి అక్కడే బీజం పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లింది కూడా సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన అస్థిపంజరాల కొలతలను ఈ పద్ధతిలో విశ్లేషించడానికే.

ఇప్పుడు ఆ దూరాన్ని జన్యువుల్లో కొలుస్తున్నారు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక అధ్యయనం 2017లో వెలువడింది. వేర్వేరు ప్రాంతాల గోండులను నాలుగు సమూహాలుగా తీసుకుని పరిశీలిస్తే, వాళ్ల జన్యు వారసత్వం ఇతర ద్రావిడ భాషల వాళ్లకన్నా, వేరే కుటుంబానికి చెందిన ముండా భాషల వాళ్లతో ఎక్కువగా కలిసింది. చంద్రపూర్ ఉన్న విదర్భలోనే మేల్‌ఘాట్ కోర్కూలు మాట్లాడేది ముండా భాష. అంటే భాష ఒక దారిన, వంశం మరో దారిన రావచ్చు. మాటను బట్టి జాతిని తేల్చే పాత అలవాటుకు ఇది గట్టి దెబ్బ.

ఈ శాస్త్రం ఊరికి అక్కరకొచ్చేది సికిల్‌సెల్ జబ్బు దగ్గర. బీటా గ్లోబిన్ ప్రోటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి చేరుతుంది. దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. ఈ మార్పున్న జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినవాళ్లకు మలేరియా తీవ్రత తగ్గుతుంది. అందుకే మలేరియా అడవుల్లో ఇది తరాలుగా నిలిచింది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి ఆదివాసుల్లో. విదర్భలో ఆదివాసుల్లోనూ ఇతర కులాల్లోనూ ఉంది.

తొలి పరీక్ష తేలికే. మందు ద్రావణం ఉన్న గాజు గొట్టంలో కాస్త రక్తం కలిపి, వెనక గీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనిపిస్తే సికిల్ లేనట్టు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే అనుమానమే. అయితే అది జబ్బా, ఒక్క జన్యువు మోసే వాహకుడా అన్నది ఎలక్ట్రోఫోరెసిస్ లాంటి మరో పరీక్షలోనే తేలుతుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది.

గొట్టంలో రక్తం చెప్పని సంగతులు మరికొన్ని ఉన్నాయి. గోండుల్లో నాలుగు దేవతలవారు, ఐదు దేవతలవారు అంటూ సగలనే వంశ విభాగాలుంటాయి. ఒకే సగలో పెళ్లి కుదరదు. మనలో మేనరికాలు మామూలు. ఏ జన్యువు ఏ జన్యువుతో జతకడుతుందో నిర్ణయించేవి ఈ పెళ్లి నియమాలే. విశాఖ, తిరుపతి విశ్వవిద్యాలయాల మానవశాస్త్ర శాఖలు మేనరికాలపై ఎన్నో ఏళ్లు పనిచేశాయి. నేడు ఖరీదైన సీక్వెన్సింగ్ యంత్రాలు ఎక్కువగా జన్యు ప్రయోగశాలల్లో ఉన్నాయి; వంశావళి రాసుకునే నేర్పు, ఇంటింటికీ తిరిగి నమ్మకం సంపాదించే ఓపిక మానవశాస్త్ర శాఖల సొత్తు. వాహకురాలని తేలిన పిల్లకు సంబంధాలు తప్పిపోకుండా, వాహకత్వం రోగం కాదని రెండు వైపుల పెద్దలకు నచ్చజెప్పడం యంత్రం వల్ల కాదు. యంత్రం భాషా, ఊరి భాషా రెండూ వచ్చిన విద్యార్థులను తయారుచేయగలిగితేనే ఈ శాస్త్రానికి మనుగడ.