హస్తవాసి వెనక ఉన్న మందు

నాట్లు ముగిసేసరికి ఊళ్లో ఆడవాళ్లకు నడుములు, మోకాళ్లు పట్టేస్తాయి. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే తుంటికి ఒక సూది వేస్తాడు. తెల్లారేసరికి నొప్పి మాయం. ఆకలి పుడుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది. ‘ఆయన హస్తవాసి మంచిది’ అన్న మాట వాడంతా పాకుతుంది. నెల తిరగకముందే మళ్లీ అదే సూది. అలాంటి సూదుల్లో తరచూ ఉండేది డెక్సామెథాసోన్‌ లాంటి స్టీరాయిడ్. నొప్పి తగ్గించిందీ, హుషారు తెచ్చిందీ అదే.

స్టీరాయిడ్ విషమేమీ కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్‌కు ఇది దగ్గరి చుట్టం. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదల్లేని ఒక యువతికి కార్టిసోన్ అనే స్టీరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టింది. కొద్ది రోజులకే ఆమె లేచి నడిచి బజారుకు వెళ్లింది. 1950లో హెంచ్‌కు, కెండాల్, రైక్‌స్టైన్‌లతో పాటు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మందు వాడకం పెరిగేకొద్దీ ముఖాలు ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం కూడా డాక్టర్ల కళ్లబడ్డాయి. మేలూ కీడూ మొదటినుంచీ జంటగానే వచ్చాయి.

వాపు, మంట అనేవి మన రక్షణ వ్యవస్థ చేసే పోరాటం. స్టీరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. అందుకే నొప్పి తగ్గుతుంది. అందుకే లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ముదురుతుంది కూడా.

ఈ సంగతి తెలిసిన డాక్టరు మోకాలికి ఇంజక్షన్ ఇచ్చే తీరు చూస్తే తేడా అర్థమవుతుంది. ముందు చర్మాన్ని శుభ్రంగా తుడుస్తారు. కీలులో నీరు చేరితే సిరంజితో లాగి వెలుతురులో చూస్తారు. లేత గడ్డి రంగులో తేటగా ఉంటే సరే. మబ్బుగా, చీములా కనిపిస్తే స్టీరాయిడ్ జోలికి పోకుండా ఆ నీటిని ల్యాబ్‌కు పంపుతారు. కీళ్లకు ఎక్కువగా వాడే ట్రయామ్‌సినొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మందులు పాలలా తెల్లగా ఉంటాయి. పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి సీసాను బాగా కదిపి ఎక్కిస్తారు. మందు నేరుగా కీలులోకే వెళ్తుంది కనుక మిగతా ఒంటి మీద భారం తక్కువ. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి కాస్త పెరగవచ్చు, సూది పడిన చోట చర్మం తెల్లబారవచ్చు. ఇవి ముందే చెప్పాల్సిన విషయాలు.

ఒకసారి హాయిగా ఉందని పదేపదే అడగకూడదు. ఒకే కీలుకు ఏడాదికి మూడు నాలుగుకు మించకుండా డాక్టర్లు చూసుకుంటారు. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మోకీళ్లు అరిగిన 140 మందిలో కొందరికి మూడు నెలలకోసారి రెండేళ్లపాటు ట్రయామ్‌సినొలోన్, మిగతావారికి ఉప్పునీరు ఎక్కించారు. నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్టీరాయిడ్ తీసుకున్నవారి మృదులాస్థి మాత్రం ఎక్కువ అరిగింది. మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు (టెండన్‌)లోకి ఎక్కిస్తే అది తెగే ప్రమాదం ఉంది.

షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. కీలులోకి వేసిన ఒక్క సూదితోనే చక్కెర కొన్ని రోజులు పైకెక్కి కూర్చోవచ్చు. ఆ వారమంతా గ్లూకోమీటరు చేతికి అందేలా ఉంచుకోవాలి. కోవిడ్ కాలం ఈ పాఠాన్ని కటువుగా నేర్పింది. 2020లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని చూపింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనబడలేదు. అయినా జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే ఎంతోమంది స్టీరాయిడ్లు వాడారు. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. అదుపులేని షుగర్‌కు స్టీరాయిడ్ తోడైనవారే దానికి ఎక్కువగా బలయ్యారు. కన్ను పోగొట్టుకున్నవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

ఇంకో చిక్కుంది. వారాల తరబడి బయటినుంచి స్టీరాయిడ్ అందితే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. అప్పుడు మందు ఒక్కసారిగా ఆపేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ఇది చదివి భయపడి ఎవరూ తమంతట తాము మందు మానేయొద్దు. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

సూది వేయించుకునేటప్పుడు ‘ఇది ఏ మందండీ, స్టీరాయిడా?’ అని అడగండి. షుగర్, బీపీ, టీబీ, ఈమధ్య వచ్చిన జ్వరం, త్వరలో చేయించుకోబోయే ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి. చీటీ ఇవ్వకపోతే సీసా మీద లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని, తర్వాత వెళ్లే ప్రతి డాక్టరుకూ చూపించండి.