ల్యాప్‌టాప్ మూస్తే సైటు ఎందుకు మూతపడింది?

పోయినేడు మన క్లబ్ కవితల పోటీకి ఎంట్రీలు తీసుకునే సైటు నేనే చేస్తానని మాటిచ్చాను. పైథాన్‌లో, ఫ్లాస్క్‌తో రెండ్రోజుల్లో రాసేశా. అద్దె సర్వర్‌లోకి లాగిన్ అయ్యి, ప్రోగ్రాం రన్ చేసి, లింక్ గ్రూపులో పెట్టి, ల్యాప్‌టాప్ మూసి పడుకున్నా. పొద్దున చూస్తే ఒకటే మెసేజ్‌లు: "అన్నా, సైటు ఓపెన్ కావట్లేదు!" ల్యాప్‌టాప్ మూయగానే కనెక్షన్ తెగింది, దాంతోపాటే ప్రోగ్రామూ ఆగింది. ఆ రాత్రే ఆఖరి గడువు. కవితలు రాసుకుని కూర్చున్న జూనియర్లకి మొహం చూపించలేకపోయాను.

అదే వారం నా రూమ్మేట్ పీహెచ్‌పీ ఫైళ్ళని షేర్డ్ హోస్టింగ్ ఫోల్డర్‌లో పడేశాడు. అంతే, సైటు లైవ్! వాడు నాకంటే బాగా రాశాడనేం కాదు. తేడా ఎక్కడుందో తర్వాత అర్థమైంది.

పీహెచ్‌పీకి అపాచీ లాంటి వెబ్ సర్వర్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. రిక్వెస్ట్ రాగానే మన ఫైల్‌ని నడిపించి, జవాబు పంపి, పని ముగిస్తుంది. ఆ సర్వర్‌ని చూసుకునేది హోస్టింగ్ వాళ్ళు. 1995లో వచ్చిన భాష ఇప్పటికీ చిన్న సైట్లకి సులువుగా ఉండటానికి ఇదో పెద్ద కారణం. కాకపోతే చాట్ లాంటి, కనెక్షన్ తెరిచే ఉంచాల్సిన పనులకి షేర్డ్ హోస్టింగ్ సరిపోదు.

పైథాన్, నోడ్‌లలో మన ప్రోగ్రామే మేలుకుని ఉండాలి. పైథాన్‌కి గునికార్న్, దాని ముందు ఎన్జినెక్స్ పెట్టడం మామూలు. లైబ్రరీల వెర్షన్లు కూడా కుదరాలి. నోడ్‌లో సర్వర్ లోపలే ఉంటుంది గానీ, పట్టుకోని ఎర్రర్ ఒక్కటి చాలు, ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది.

జావాలో ఒకప్పుడు వార్ ఫైల్‌ని టామ్‌క్యాట్‌లో పెట్టేవాళ్ళు. ఇప్పుడు స్ప్రింగ్ బూట్‌తో టామ్‌క్యాట్ కూడా జార్ ఫైల్‌లోనే వచ్చేస్తుంది. మెమరీ మాత్రం గట్టిగానే అడుగుతుంది, చౌక సర్వర్లో ఇరుకవుతుంది.

గో తీరు వేరు. విండోస్ ల్యాప్‌టాప్ మీదే లినక్స్‌కి కావాల్సిన ఫైల్ తయారుచేయొచ్చు. ఆ ఒక్క ఫైల్ కాపీ చేస్తే చాలు, సర్వర్లో గో ఉండక్కర్లేదు. అయినా అది ఆగితే మళ్ళీ లేపడానికి ఒక కాపలాదారు కావాల్సిందే. 2013లో వచ్చిన డాకర్ ఏ భాషనైనా దాని సరంజామాతో సహా మూటకడుతుంది. ఆ మూటకి కూడా కాపలా తప్పదు.

అందుకే "ఏ భాష సులువు?" అని అడిగే ముందు, "నేను పడుకున్నప్పుడు దీన్ని ఎవరు నడుపుతారు? ఆగితే ఎవరు లేపుతారు?" అని అడగండి. లినక్స్‌లో ఆ కాపలా పని సిస్టమ్‌డీ చేస్తుంది. పది లైన్ల ఫైల్ రాస్తే చాలు.

ఈ ఏడు కూడా ఫ్లాస్క్‌లోనే చేశాను. లింక్ పంపే ముందు కావాలనే సర్వర్‌ని రీబూట్ చేశా. సైటు దానంతటదే లేచింది. అప్పుడు పడుకున్నా.