దయ్యపు సీరియళ్లు – బొగ్గుగనుల ప్రజలు

గోదావరిఖని యందు భయమునకు కొదువ లేదు. 2003 జూన్ 16వ తేదీన ఏడవ నంబరు ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ యేటి అక్టోబరులోనే 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది ప్రాణములు గోల్పోయిరి. 2022 మార్చి 7వ తేదీన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో మరల కప్పు కూలి ముగ్గురు బలియైరి. ఇట్టి తావున కాపురముండు కుటుంబములు రాత్రి భోజనములు ముగించి, దయ్యపు సీరియలు ముందు కూర్చుండి ఊపిరి బిగబట్టుట కొందఱకు వింతగా తోచుచున్నది. ఉన్న భయము చాలక ఈ అరువు భయమెందులకని మన విద్యాధికులు పరిహసించుచున్నారు. ఈ పరిహాసము మాకు సమ్మతము గాదు.

గనిలో దిగినవాడు పనికి పూనుకొనుటకు ముందు కప్పును ఇనుపకమ్మితో తట్టి చూడవలెను. గట్టి మ్రోత వచ్చినచో మేలు. డొల్లగా పలికినచో అచ్చట నిలువరాదు. తట్టుటకును, వినుటకును నడుమనున్న ఆ క్షణమే ఉత్కంఠ. అట్టి క్షణములు అతనికి దినదినము కలవు. రెండవ షిఫ్టునకు పోయినవాడు ఇల్లు చేరువఱకు వాకిటి చప్పుడునకు చెవియొగ్గి యుండు ఇల్లాలికిని కలవు. కాని యీ నిరీక్షణకు ముగింపు లేదు. నేడు తీరినది రేపు మరల మొదలగును. సీరియలునందలి భయమునకో, అరగంట గడువు కలదు. అందు తలుపు కిఱ్ఱుమనును, దీపము రెపరెపలాడును, ఎవరో వెనుక నిలిచినట్లు తోచును. ఇంటిల్లిపాది ఒకరినొకరు హత్తుకొని కేకవేసి, మరుక్షణమే నవ్వుకొందురు. ఆర్పివేయు మీట తమ చేతిలోనే యున్నది. నిజజీవితమున లేని యీ మీటయే ఆ కథల యాకర్షణకు మూలమని మా యభిప్రాయము. దీనిని మూఢత్వమనుట అన్యాయము.

ఈ రుచి మన జాతికి టెలివిజనుతో వచ్చినదియు గాదు. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున పొందుపఱచిన భేతాళకథల కీలకమేమి? రాజు మౌనము వీడినచో శవము మరల చెట్టెక్కును. తెలిసియు పలుకకున్నచో తల వ్రక్కలగును. ఈ రెంటి నడుమ శ్రోతను నిలిపి కథకుడు మరియొక కథ నారంభించును. చందమామ ఆ చట్రమును దశాబ్దముల తరబడి నడపినది. 1985లో రామానంద సాగరు దానినే దూరదర్శనమునకు తెచ్చెను. నేటి సీరియలువారు శుక్రవారము రాత్రి గొళ్లెము కదలించి, సోమవారము వఱకు ప్రేక్షకులను గుమ్మమున నిలిపియుంచుట భేతాళుని విద్యయే. శవము చెట్టెక్కుట మానినచో కథ ముగియును గదా! ముగియుట ప్రకటనలిచ్చువారికి గిట్టదు.

1995లో ప్రారంభమైన ఈటీవీలో, ఆ దశాబ్దము చివర ప్రసారమైన 'అన్వేషిత'ను తెలుగువారు నేటికిని తలచుకొందురు. యమున, అచ్యుత్ ప్రభృతుల నటన అటుండనిండు. జరిగినదేమి యను ప్రశ్నను వారమునుండి వారమునకు చల్లారనీయకుండుటయే దాని బలము. ప్రశ్న బ్రతికియున్నంతవఱకు ఇట్టి కథ చూచువాని బుద్ధిని నిద్రపుచ్చదు సరికదా, మేల్కొలుపును.

అయిన, భయము పుట్టించుటలో రెండు తెఱగులు కలవు. దయ్యము వేఱు, ప్రయోగము వేఱు. దయ్యము చచ్చినవారిది, దానివలన ఇరుగుపొరుగువారిపై నేరము మోపబడదు. ప్రయోగమునకో, చేయువాడొకడు కావలెను. చేతబడి, బాణామతి యని కథ చెప్పగనే చూచువాని కన్ను తెరను విడిచి వీధిలోనికి మరలును. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడినప్పుడు, పసిబాలికపై జరుగు ప్రయోగమేమగునో యని పాఠకలోకము వారము వారము తపించినది. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయిదమ్ము' అని తీవ్రముగ ఖండించిరి. ఆ నవల పట్టు గలదని మేమును ఒప్పుకొందుము. కాని రంగనాయకమ్మ గారి కోపమునకు కారణము లేకపోలేదు. 2021లో ఇంటింటి తెరకు వచ్చిన 'మా ఊరి పొలిమేర' చిత్రమును చేతబడిని ఆధారము చేసికొన్నదే. 2023లో దాని రెండవ భాగము వెలువడినది.

ఇది కథల ముచ్చటగా మాత్రమే తేలిపోవునది గాదు. మన పెద్దపల్లి జిల్లాకు పొరుగుననే యున్న జగిత్యాలలో, 2022 జనవరి 20వ తేదీన, మంత్రప్రయోగము చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, అతని యిరువురు కుమారులను కులసంఘ సమావేశమున పొడిచి చంపిరి. ఆ ఘోరమునకు ఏదో సీరియలు కారణమని మేము చెప్పబూనుట లేదు. సీరియలు పుట్టకమునుపే ఆ నమ్మకము మన పల్లెలలో పాతుకొనియున్నది. జ్వరము తగ్గనప్పుడు, గొడ్డు చచ్చినప్పుడు, పైరు మాడినప్పుడు, ఎవరో చేసిరను మాట మన యరుగులమీదనే పుట్టుచున్నది. చదువుకొన్న భూస్వాములు ఆ మాట విని ఊరకుండుటయు కద్దు. ఆ నమ్మకమునకు నెత్తుటి రంగును, మృదంగ ధ్వనియును చేర్చి, ప్రతిరాత్రి రుజువు చూపినట్లు చూపుటయే మా యాక్షేపణ.

మహారాష్ట్రము 2013లోను, కర్ణాటకము 2017లోను క్షుద్రవిద్యల పేరిట జరుగు నమానుష కృత్యములను నిషేధించు శాసనములు చేసినవి. ప్రసారముల విషయమున కేంద్ర నిబంధన అంతకంటె పాతది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలలోని కార్యక్రమ నియమావళి, మూఢవిశ్వాసములను ప్రోత్సహించు కార్యక్రమములను కూడదనుచున్నది. కథకు ముందు 'ఇది కేవలము కల్పితము' అని సన్నని యక్షరములతో ఒక పంక్తి చూపి, అటుపిమ్మట అరగంటసేపు నిజమని నమ్మించుట ఈ నియమమును మన్నించుట కాజాలదు.

దయ్యములను నిషేధింపవలెనని మేము కోరము. చీకటి, పాడుబడిన బంగళా, తలుపు చప్పుడు, ఇవి ప్రజల సొత్తు. గని నుండి వచ్చి అలసియున్నవాని నోటియెదుటి వినోదమును లాగికొనుటకు మేమెవ్వరము? ప్రయోగము చేసెనని పొరుగింటి ముసలమ్మను వ్రేలుపెట్టి చూపు కథ వచ్చినప్పుడు మాత్రము ప్రేక్షకులు ఊరకుండరాదు. కేబుల్ చట్టము ప్రకారము జిల్లా కలెక్టరును, పోలీసు కమిషనరును అధికృతాధికారులే. రామగుండమున కమిషనరు కార్యాలయము కలదు. సీరియలు పేరు, ప్రసారమైన తేదీ, ఆక్షేపణీయమైన ఘట్టము వ్రాసి పంపుటకు ఒక్క కాగితము చాలును.