తెరపై లేచే చుక్క

సంతోష్‌నగర్ బజారులో చూపులేని విద్యార్థి ఒకడు ఫోను కొన్నాడనుకుందాం. అది అతనికి పాఠం చదివి వినిపించగలదు; కాని నున్నని గాజుతెర పటాన్ని గాని, రేఖాచిత్రాన్ని గాని వేలికి అందించలేదు.

చదునైన తలానికి ఎత్తుపల్లాలు తెచ్చే ఉపాయమొకదానిని 2023లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రెయిగ్ షుల్ట్జ్, క్రిస్ హారిసన్ ప్రకటించారు. అందులోని పంపు మందం 1.5 మిల్లీమీటర్లే. దానిలో చక్రం లేదు, పిస్టన్ లేదు. సూక్ష్మరంధ్రాల గోడలనంటి ద్రవంలో విద్యుదావేశ కణాలు చేరి ఉంటాయి. వోల్టేజి ఇవ్వగానే అవి కదలి, తమతోపాటు ద్రవాన్నీ ఈడ్చుకొనిపోతాయి. ఆ ద్రవం పైనున్న సాగేపొరను బుడిపెగా లేపుతుంది. వోల్టేజి దిశ మారిస్తే బుడిపె అణగుతుంది. ఈ ధర్మాన్ని రాయిస్ 1809లో వెల్లడించాడు. లూయీ బ్రెయిలీ పుట్టినదీ ఆ ఏడే!

అయితే ఒక్కొక్క చుక్కను విడిగా లేపాలంటే ఒక్కొక్క పంపు కావాలి. బ్రెయిలీ అక్షరం ఒక్కదానికే ఆరు చుక్కల చోటు.